పులుసులో బెల్లం ముక్క

ఆఫీసులో నాకు రెండు ఉద్యోగాలు. ఒకటి జీతం వచ్చేది, కోడ్ రాయడం. రెండోది జీతం లేనిది, టీమ్ లంచ్‌లు ఏర్పాటు చేయడం. ఎవరు అప్పజెప్పారో గుర్తు లేదు గానీ 3 ఏళ్లుగా అది నా మెడకే చుట్టుకుంది. దానికోసం ఒక ఎక్సెల్ షీటు పెట్టుకున్నా. 14 మంది పేర్లు. ఎవరు శాకాహారులు, ఎవరు శనివారం ఒక్కరోజే శాకాహారులు, ఎవరికి పల్లీలు పడవు, ఎవరికి పుట్టగొడుగుల వాసన గిట్టదు, మేనేజర్‌గారి ఫిల్టర్ కాఫీలో పంచదార ఎన్ని చెంచాలు... సర్వం అందులో ఉంటాయి. "నువ్వుంటే మాకు మెనూ చూసే పనే ఉండదు" అంటారు మావాళ్లు. ఆ మాటకి కాస్త పొంగిపోయేవాణ్ని కూడా.

కార్తీక మాసంలో ఒక ఆదివారం, కూకట్‌పల్లిలో ఒక మెస్సులో అరిటాకు ముందు కూర్చున్నప్పుడు ఆ పొంగు కాస్తా చల్లారిపోయింది. ఈ వారం ఆ భోజనం గురించే.

అమ్మా నాన్నా నరసరావుపేటలో రాత్రి బస్సెక్కి శనివారం పొద్దున దిగారు. ఎప్పటిలాగే రెండు సంచులు. ఒకదాంట్లో బట్టలు, ఇంకోదాంట్లో నా తిండి. గోంగూర పచ్చడి, కందిపొడి, పండుమిరప పచ్చడి, పాత పేపర్లో చుట్టిన అరిసెలు. "ఇవన్నీ ఇక్కడ దొరుకుతాయమ్మా" అని నేను, "దొరికితే మాత్రం కొనుక్కుని తింటావా" అని అమ్మ. ప్రతిసారీ ఇదే సంభాషణ.

ఆ సాయంత్రం ఇద్దర్నీ మాదాపూర్‌లో ఒక పెద్ద రెస్టారెంటుకి తీసుకెళ్లా. మెనూ కార్డు లేదు, టేబుల్ మీద క్యూఆర్ కోడ్. నాన్న ఫోన్లో స్కాన్ చేసి, ధరలు చూసి, ఫోన్ బోర్లా పెట్టేశాడు.

"ఏం తింటావమ్మా?" అని అడిగా.

"మీరేది తింటే అదే."

"నీకు ఇష్టమైంది ఏదైనా చెప్పు."

"నాకేముందిరా, అన్నీ ఇష్టమే."

సరేనని నేనే ఏదో పనీర్ కూర, రోటీలు, ఒక వెజ్ బిర్యానీ చెప్పేశా. కార్తీక మాసం కాబట్టి ఇంట్లో నీచు బంద్. దాంతో నాన్న మొహం ముందే కొంచెం ముడుచుకుని ఉంది. అమ్మ ఒకటిన్నర రోటీ తిని, మిగిలిందంతా డబ్బాలో కట్టించింది. బిల్లు 1,860 రూపాయలు. ఆ కూర రుచి ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామన్నా రావట్లేదు. బిల్లు మాత్రం గుర్తుంది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ వంటకి లేవబోతుంటే ఆపి, దగ్గర్లో ఉన్న మెస్సుకి బయల్దేరదీశా. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో అలాంటి మెస్సులు సందుకొకటి. కింద మొబైల్ రిపేరు షాపు, పైన మెస్సు, మెట్ల మీదే క్యూ. ఆదివారం ఒంటిగంటకి వెళ్తే కుర్చీ దొరకదు. పెరుగన్నం దాకా వచ్చినవాళ్లని కనిపెట్టి, వాళ్ల కుర్చీ వెనక మొహమాటం లేకుండా నిలబడాలి. అమ్మకి ఆ పద్ధతి అస్సలు నచ్చలేదు. "తినేవాళ్ల వెనక అలా నిలబడకూడదురా, దిష్టి" అని గోడ పక్కకి జరిగింది. అందుకే మాకు కుర్చీలు దొరికేసరికి అరగంట పట్టింది.

ఆకు వేశారు, నీళ్లు చిలకరించుకున్నాం. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, వంకాయ కూర, దొండకాయ వేపుడు, కొబ్బరి పచ్చడి, గుమ్మడి వడియాలు. నాన్న ఆవకాయ ఎర్రదనం చూసి కాస్త మెత్తబడ్డాడు. అమ్మ యథాప్రకారం తన ఆకు వదిలేసి మా ఆకుల మీద కన్నేసింది. "నాన్నకి నెయ్యి వేయమను." "నీకు వడియం వేయలేదేంరా." ఇంట్లో అయితే మేం తిన్నాక తింటుంది. ఇక్కడ పక్కన కూర్చుని తినక తప్పడం లేదు, అంతే తేడా.

అప్పుడు స్టీలు బకెట్టుతో ఒక కుర్రాడు వచ్చాడు. "దప్పళం అండీ" అన్నాడు.

అమ్మ తలెత్తి చూసింది. గరిటెతో అన్నం మీద పోశాడు. గుమ్మడికాయ ముక్కలు, ములక్కాడలు, చిలగడదుంప, బెండకాయ. పులుసు చిక్కగా, ముదురు తేనె రంగులో ఉంది. అమ్మ ఒక ముక్క చిదిపి, ముద్దపప్పు కలిసిన అన్నంతో కలుపుకుని నోట్లో పెట్టుకుంది. తర్వాత మాట్లాడలేదు. మా ఆకుల వంక చూడలేదు. వేసింది మొత్తం తినేసి, ఆ కుర్రాడు రెండు బల్లల అవతల ఉంటే చెయ్యెత్తి పిలిచింది.

"బాబూ, ఇంకొంచెం దప్పళం వెయ్యి. ఆనపకాయ ముక్కలు రెండు పడేలా చూడు."

నేను ముద్ద నోటి దగ్గరే ఆపేశా. రెండు కారణాలు. నా 28 ఏళ్లలో అమ్మ ఏదైనా రెండోసారి అడిగి వేయించుకోవడం చూడలేదు. ఇంకోటి, మా ఇంట్లో దాన్ని సొరకాయ అంటాం. అమ్మ కూడా సొరకాయే అంటుంది. ఆనపకాయ అన్న మాట ఆవిడ నోట ఎప్పుడు విన్నానో గుర్తు లేదు.

"ఆయ్, వేత్తానండి" అన్నాడు కుర్రాడు.

"మీదే ఊరు బాబూ?"

"మండపేట దగ్గరండి."

"అలాగా! మాది రావులపాలెం పక్కనే" అంది అమ్మ. మాది నరసరావుపేట అనలేదు. 30 ఏళ్లుగా ఉంటున్న ఊరు ఆ ఒక్క నిమిషం పక్కకి తప్పుకుంది. ఆ కుర్రాడు మూడోసారి అడక్కుండానే వచ్చి వేసి వెళ్లాడు.

నాన్న మాత్రం ఒక్క ముద్ద తిని, "తియ్యగా ఉంది" అని పులుసుని ఆకు పక్కకి తోసేశాడు. ఆయన చూపు అమ్మ ఆకు మీద ఉంది. ఏమీ అనలేదు.

సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తుంటే అడిగా. "అమ్మా, దప్పళం అంటే నీకంత ఇష్టమా? మనింట్లో ఎప్పుడూ చేయవేం?"

"చేస్తాను కదరా, ముక్కల పులుసు."

"అది వేరు, ఇది వేరు."

కాసేపు బట్టలు మడతపెట్టింది. తర్వాత చెప్పింది. పెళ్లై వచ్చిన కొత్తలో అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నట్టే బెల్లం ముక్క వేసి పులుసు కాచిందట. నానమ్మ తిని, "ఇది పులుసా, పాయసమా?" అందట. ఇంట్లో అందరూ నవ్వారట. అమ్మ కూడా నవ్విందట. అంతే, మర్నాటి నుంచి బెల్లం మానేసింది.

గుంటూరు వైపు పాఠకులు నా మీదకి రాకండి. మీ ఇళ్లలో పులుసులో బెల్లం వేస్తారేమో, చాలా ఇళ్లలో వేస్తారు కూడా. ఇది మా ఇంటి సంగతి. పైగా మా నానమ్మ చెడ్డదేం కాదు. నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మకి అన్నం సహించకపోతే, రోజూ పొద్దున్నే కొత్త రకం పచ్చడి నూరి పెట్టిందట. ఆ ఒక్కమాట ఏదో సరదాకి అని ఉంటుంది. అన్న మనిషి సాయంత్రానికే మర్చిపోయి ఉంటుంది. విన్న మనిషి మాత్రం 30 ఏళ్లు పాటించింది.

"మరి నానమ్మ పోయి పదేళ్లైంది కదమ్మా. తర్వాతైనా చేసుకోవచ్చుగా?"

"మీ నాన్నకీ తీపి నచ్చదు. ఒక ఇంట్లో రెండు పులుసులు ఎవరు కాస్తారురా, నా ఒక్కదాని కోసం?"

"మరి చివరిసారి ఎప్పుడు తిన్నావ్?"

"అమ్మమ్మ ఉన్నప్పుడు." చీర కొంగు అంచు సరిచూసి మడత పెట్టింది. "ఆరేళ్లు అవుతోందేమో."

అమ్మమ్మ పోయి ఆరేళ్లు. అంటే అమ్మకి ఇష్టమైంది వండిపెట్టే మనిషి ఆ ఒక్కతే. ఆవిడ పోయాక ఇంకెవరికీ తెలియదు. నాన్నకి తెలియదు, నాకు తెలియదు. నాకు ఇష్టమైనవి అడిగితే అమ్మ నిద్రలో కూడా వరసగా చెబుతుంది. ఎవరికి పుట్టగొడుగులు గిట్టవో షీట్లో రాసుకున్న నాకు, మా అమ్మకి ఏది ఇష్టమో రాయమంటే ఆ గడి ఖాళీ.

"ఇంకా ఏమేం ఇష్టం చెప్పు" అని కూర్చున్నా. మొదట "ఏం లేవురా" అంది. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. పనసపొట్టు కూర. తంపట వేసిన తేగలు. మామిడికాయ పులిహోర. అన్నిటికంటే కందా బచ్చలి కూర, ఆవ పెట్టింది. గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో అది లేకపోతే వంటవాడికి మాట వస్తుందట. తన పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారట గానీ తాను తిననేలేదు. పెళ్లికూతురు కదా, ఆకలి కూడా వేయలేదట.

రేపు అది నేను చేస్తానన్నా. అమ్మ నవ్వింది. "కంద కొయ్యడం వచ్చా నీకు?"

సోమవారం ఇంటి నుంచే పని. పొద్దున్నే రైతుబజార్‌కి వెళ్లి కంద, బచ్చలి తెచ్చా. కార్తీక సోమవారం, అమ్మకి ఉపవాసం. రాత్రి చుక్కల్ని చూశాకే భోజనం. ఉపవాసం విడిచే రోజు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండకూడదు. ఈ కూరలో ఆ రెండూ ఉండవు, సరిగ్గా సరిపోయింది. ఒక చిక్కు మాత్రం ఉంది. వంట నేర్పే మనిషి రుచి చూడకూడదు.

సాయంత్రం ఆరింటికి లాప్‌టాప్ మూసి వంటింట్లోకి దిగా. అమ్మ హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. కంద కోసేటప్పుడు చేతులకి నూనె రాసుకోమంది, రాసుకున్నా. అయినా మణికట్టు దగ్గర దురద మొదలైంది. కందలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా ఉంటుంది, చర్మంలో గుచ్చుకుంటుంది. అది ఇంటర్నెట్లో నేను చదివింది. "చింతపండు రుద్దుకో" అన్నది అమ్మ చెప్పింది. పనిచేసింది అమ్మ చెప్పిందే. కూరలో చింతపండు పడేది కూడా కొంత ఇందుకేనట, కంద గొంతులో పట్టకుండా.

అసలు గండం ఆవ దగ్గర వచ్చింది. ఆవాలు గింజగా నములితే అంత ఘాటు ఉండదు. నూరి, నీళ్లు తగిలాకే ఘాటు పుడుతుంది. సుషీ పక్కన ఇచ్చే పచ్చటి వసాబి ముద్ద ముక్కులోకి కొడుతుంది చూడండి, అదీ ఇదే జాతి ఘాటు. ఇది వేడికి నిలవదు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. కూర ఉడుకుతుండగానే ఆవ ముద్ద వేసి, గరిటె పెట్టి శ్రద్ధగా కలుపుతున్నా.

హాల్లోంచి అమ్మ కేక. "స్టవ్ ఆపలేదు కదూ?"

"నీకెలా తెలిసింది?"

"వాసన మారింది. ఘాటంతా గాల్లోకి పోతోంది. ఆపు, ఆపు. చల్లారనియ్యి. ఇంకో చెంచా ఆవాలు నూరు."

రుచి చూడకుండా, చూడను కూడా చూడకుండా, ముక్కుతో పట్టేసింది. పదేళ్ల అనుభవం ఉన్న మా టీమ్ లీడ్ కూడా నా తప్పుని ఇంత త్వరగా పట్టుకోడు.

ఏడు దాటాక బాల్కనీలోకి వెళ్లాం చుక్కల కోసం. హైదరాబాద్ ఆకాశంలో చుక్క దొరకడం మెస్సులో కుర్చీ దొరకడం కంటే కష్టం. అటు అపార్టుమెంటు లైట్లు, ఇటు హోర్డింగు. నాన్న ఒకటి చూపించాడు, అది విమానం. మరో పది నిమిషాలకి వాటర్ ట్యాంకు పక్కన నిజమైన చుక్క ఒకటి దొరికింది. అమ్మ దణ్ణం పెట్టుకుని లోపలికొచ్చింది.

"ముందు నువ్వు కూర్చో" అన్నా.

"మీరు కూర్చోండి, నేను వడ్డిస్తా."

"ఇవాళ వంట నాది, వడ్డన కూడా నాదే."

కూర్చుంది. కానీ కూర్చోవడం చేతకాలేదు పాపం. మొదటి ముద్ద తిని నీళ్ల కోసం లేచింది. కూర్చుని, అప్పడాలు వేయించలేదని మళ్లీ లేవబోయింది. మూడోసారి ఉప్పు గిన్నె కోసం కదిలితే నాన్న లేచాడు. "నువ్వుండు" అని వంటింట్లోకి వెళ్లాడు. ఉప్పు ఎక్కడుందో దొరక్క అక్కడే నిలబడి నన్ను పిలిచాడు, అది వేరే సంగతి.

కూరలో చింతపండు కాస్త ఎక్కువైంది. కంద ముక్కలు కొన్ని చిదిమినట్టూ, కొన్ని పలుగ్గానూ ఉన్నాయి. ఆవ మాత్రం రెండోసారి బాగా కుదిరింది. నాన్నకి ముక్కులో కొట్టి కళ్లనీళ్లొచ్చాయి. ఎర్రటి ఆవకాయ అవలీలగా తినే మనిషి, ఒక చెంచా ఆవ ముద్దకి కుదేలయ్యాడు. అమ్మ పకపకా నవ్వింది. అన్నం పొగలు కక్కుతోంది. అమ్మ అంత వేడి అన్నం తినడం నేను చూసింది తక్కువ. మా అందరి భోజనాలయ్యాక తినే మనిషికి గిన్నెలో మిగిలేది చల్లారిన అన్నమే కదా.

"బాగుందా?"

"పులుపు ఎక్కువైంది" అంది. తర్వాత గిన్నె తన వైపు లాక్కుంది. "ఇంకొంచెం వెయ్యి."

బుధవారం రాత్రి బస్సుకి వెళ్లిపోయారు. వారం తర్వాత ఫోన్ చేస్తే అమ్మ వేరే ఏవో కబుర్లు చెప్పి చివర్లో అంది, "ఇవాళ దప్పళం చేశారా."

"బెల్లం వేశావా?"

"వేశా."

"నాన్న ఏమన్నాడు మరి?"

"ఆయనే చెప్పాడు. బెల్లం వేసేముందు నాకో గిన్నెలోకి తీసెయ్, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అన్నాడు."

అంతేనండి. రెండు పులుసులు కాయక్కర్లేదు. ఒక్కటే పులుసు, బెల్లం పడేముందు ఒక గిన్నె పక్కకి తీయడం, అంతే పని. 30 ఏళ్లలో ఎవరికీ తట్టలేదు. తట్టలేదంటే తెలివి లేక కాదు. అమ్మకి ఏదైనా కావాల్సి ఉంటుందని ఎవరూ అనుకోలేదు, తాను అడగలేదు. ఆ గిన్నె సంగతి విని సంతోషించాలో, ఇన్నేళ్లు అంత చిన్న పని కోసమా అని సిగ్గుపడాలో తెలియక, ఫోన్ పట్టుకుని కాసేపు ఊరుకున్నా.

కందా బచ్చలి చేసి చూస్తామనేవాళ్లకి అమ్మ చెప్పిన లెక్క ఇదీ. కంద పావుకిలో, బచ్చలి 2 కట్టలు, చింతపండు చిన్న నిమ్మకాయంత (నేను పెద్ద నిమ్మకాయంత వేశా, మీరు వేయకండి). కంద ముక్కల్ని పసుపు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించి, బచ్చలి తరుగు కలిపి మగ్గనివ్వాలి. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి, 4 పచ్చిమిర్చి, అంగుళం అల్లం ముక్క తరుగు వేయాలి. అందులో ఉడికిన కూర, చింతపండు రసం వేసి దగ్గరపడేదాకా ఉంచాలి. స్టవ్ ఆపేయాలి. ఇక్కడ తొందరపడకండి. గోరువెచ్చగా అయ్యాక, చెంచాడు ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు కొద్దిగా నీళ్లతో నూరిన ముద్దని, చెంచాడు పచ్చి నువ్వుల నూనెతో కలిపి కూరకి పట్టించాలి. ఒక గంట ఊరితే ఇంకా బాగుంటుంది.

ఈ ఆదివారం ఇంట్లోవాళ్లతో బయట తినడానికి వెళ్తే, "మీరేది తింటే అదే" అనే మనిషి మీ టేబుల్ దగ్గర కూడా ఒకరు ఉంటారు. ఆ జవాబు విని ఆర్డర్ ఇచ్చేయకండి. పుట్టింట్లో ఏం తినేవారో అడగండి. వెంటనే చెప్పరు, బట్టలు మడతపెడుతున్నప్పుడు మళ్లీ అడగండి.

మొన్న శుక్రవారం అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఆ రోజు కబుర్లలో పడి, నాన్న గిన్నె తీయకుండానే పులుసులో బెల్లం వేసేసిందట. నాన్న మాట్లాడకుండా తిని లేచాడట.

"గమనించలేదేమో" అన్నా.

"ఎందుకు గమనించడూ" అంది అమ్మ.